కాకకి తెలుగు మర్చిపోయింది

పని పూర్తయ్యాక అతను అరచేతిని ఏసీ గాలికి అడ్డంపెట్టి కళ్ళు మూసుకునేవాడు. పొలంలో మోటారు వేసి, పైపు నోటి దగ్గర నీళ్ళ కోసం చెయ్యి పెట్టిన రైతులా ఉండేది ఆ వాలకం. అయిదారు క్షణాలు అలాగే ఉండి, "వస్తున్నది. సల్లగొస్తున్నది" అనేవాడు. తర్వాత "ఖలాస్" అని ఒక అరబ్బీ మాట. అంతే, నిచ్చెన మడిచేవాడు.

ఈ మే నెలలో మా హాల్లో ఏసీ ఆగిపోతే మెయింటెనెన్స్ వాళ్ళు కొత్త మనిషిని పంపారు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. మేం తెలుగువాళ్ళమని తెలిశాక కాస్త కబుర్లలో పడ్డాడు. పనయ్యాక ఆయన గాలికి చెయ్యి పెట్టలేదు. చేతిలో ఇమిడే మీటరొకటి చూపించి అంకె చదివాడు. అప్పుడు పాత మనిషి గుర్తొచ్చి అడిగాను.

"ఇదివరకు ఇక్కడికి ఒకతను వచ్చేవాడు, మీ వైపే. రెండేళ్ళ కిందట ఫైనల్ ఎగ్జిట్‌లో ఊరికి వెళ్ళిపోయాడు. ఎలా ఉన్నాడో తెలుసా?"

"ఆయననా సార్? మా పక్కూరే. పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను.

ఆయన నిచ్చెన మీదనుంచి నా ముఖంలోకి చూశాడు. "సచ్చిపోయిండు సార్. రెండు నెలలైంది. చాయ్ తాగి గోడకు ఆనుకోని కూసున్నడంట. కూసున్నోడు కూసున్నట్టే."

నాకేమీ అనిపించలేదు. "అయ్యో" అన్నాను. ఆ మాట ఏదో ఫారంలో గడి నింపినట్టుగా వచ్చింది. మీరూ టీ తాగుతారా అని ఆయన్ని అడిగాను. ఆయన తాగాడు, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఆయన దగ్గర ఆ ఇంటి ఫోన్ నంబరు రాయించుకున్నాను. ఎందుకు రాయించుకున్నానో అప్పటికి నాకే స్పష్టంగా లేదు.

అతని పేరు నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడే గేటు పాసు మీద చదివాను. కానీ మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. మా ఆవిడ "ఏసీ అతను" అనేది. నేను "భాయ్" అనేవాడిని, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైనా "నువ్వు" అనేవాడిని. మా అమ్మాయి ఒక్కతే అతన్ని ఒక వరసతో పిలిచింది. ఆ పిలుపే ఇక్కడా ఉంచుతాను.

మొదటిసారి వచ్చినప్పుడు దానికి అయిదేళ్ళు. ఇక్కడే సౌదీలో, ఈ దమ్మామ్‌లోనే పుట్టిన పిల్ల. కొత్తవాళ్ళను చూస్తే తలుపు వెనక్కి పోయేది. అతను బూట్లు బయట విడిచి, తనతో తెచ్చుకున్న పాత లుంగీ నేలమీద పరిచి, దానిమీద నిచ్చెన వేసుకుని ఎక్కుతూ తలుపు సందులో కళ్ళను చూశాడు.

"ఏం బిడ్డా, ఉడ్కపోస్తున్నదా?"

"హాయ్ అంకుల్" అంది ఇది.

"అంకుల్ లేదు గింకుల్ లేదు. కాక అను."

"కాకి?"

"కాకి గాదే! నేను నల్లగున్ననని కాకి అంటున్నవా? కాక. కాక అంటే మీ నాయినకు తమ్ముడు."

అది పకపకా నవ్వి బయటికి వచ్చింది. అతను పెద్దవాడై ఉండీ తమ్ముడి వరస ఎంచుకున్నాడని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. యజమాని ఇంట్లో అన్న వరస తీసుకోకూడదని అతనికి తెలుసు.

ఏసీ మూత విప్పినప్పుడల్లా స్క్రూలు దాని చేతిలో పెట్టేవాడు. ఒక్కొక్కటీ పెడుతూ పైకి లెక్కబెట్టేవాడు. "ఒకటి. రెండు. మూడు." అది గుప్పిట మూసి కూర్చునేది. మూత బిగించేటప్పుడు అది ఒక్కొక్కటీ తిరిగి ఇస్తూ లెక్కబెట్టాలి. "ఎన్మిది" దగ్గర ఆగి, "తర్వాత ఏంది కాకా?" అనేది. "తర్వాత ఏంది? నువ్వే చెప్పు. చెప్పకపోతె గా స్క్రూ నేను తీసుకోను. ఏసీ కింద పడ్తది, మీ నాయిన నెత్తిమీద పడ్తది." అది కంగారుగా "తొమ్మిది, తొమ్మిది!" అని అరిచేది. మా అమ్మాయికి తెలుగు అంకెలు వచ్చింది అలా. నేను నేర్పలేదు.

యంత్రాలతో కూడా మాట్లాడేవాడు. కంప్రెసర్ గురగురమంటే, "ఏందే నీ లొల్లి? ఆగు, వస్తున్న" అనేవాడు. గాలిలో ఉప్పుతేమ పెరిగి పైపుల నుంచి నీళ్ళు కారే ఆగస్టులో, "దీనికి జలుబు జేసింది బిడ్డా" అని మా అమ్మాయికి చెప్పేవాడు. అది పోయి టిష్యూ పేపరు తెచ్చి ఏసీ ముక్కు తుడవమని ఇచ్చేది. అతను నిజంగానే తుడిచేవాడు.

అతనికీ ఒక కూతురు. మా అమ్మాయికంటే ఆరు నెలలు చిన్నది. ఆ పిల్ల కడుపులో ఉండగా ఇక్కడికి వచ్చాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ఒకసారి సెలవు నుంచి తిరిగి వచ్చాక, ఎలా గడిచిందని మా ఆవిడ అడిగింది. అతను ఫిల్టరు కడుగుతూ చెప్పాడు.

"మంచిగనే గడిచిందమ్మా. ఎటొచ్చి మా పోరి ఎదురుంగ కూసుంటె మాట్లాడది. సిగ్గు. పక్కర్రల పోయి ఫోన్ చేస్తది. 'నాయినా, ఏం జేస్తున్నవ్? తిన్నవా?' అంటది. నేను గోడ కివతల మంచం మీద ఉండి, 'తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా' అంట. ఇద్దరం ఒక్క తీరుగ గంట మాట్లాడుకుంటం. మల్ల బయటికొస్తె నన్ను జూసి ఉర్కుతది."

మా ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు. ఫిల్టరు అప్పటికే శుభ్రంగా ఉంది, ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

ఇంకోసారి ఏదో మాటల్లో అన్నాడు. ఇంటి దగ్గర నోరు జారి నీళ్ళను "మోయ" అన్నాడట. ఇక్కడ అరబ్బులు అనే మాట. కూతురికి అర్థం కాలేదు. అప్పటినుంచి ఊళ్ళో పిల్లలంతా అతన్ని షేకు అనడం మొదలుపెట్టారు. "ఆడికి పోతె షేకునంట సార్. ఈడికొస్తె హిందీనంట. నేను ఎవలనో నాకే సమజ్ గాదు" అన్నాడు. ఇక్కడివాళ్ళు భారతదేశం నుంచి వచ్చిన వాళ్ళందరినీ "హిందీ" అంటారు. తమిళుడైనా, మలయాళీ అయినా, మనమైనా, గేటు దగ్గర సెక్యూరిటీ వాడికి హిందీయే.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గుంటూరు జిల్లా. నేను ఒక కంపెనీలో కాగితాలు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. డ్రాయింగులకు నంబర్లు వేయడం, కొత్త ప్రతి రాగానే పాతదాని మీద రద్దయిందని ముద్ర కొట్టడం. అమ్మాయి ఇక్కడి భారతీయ పాఠశాలలో చదువుతుంది. అక్కడ ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ. స్కూల్లో సీటు కోసం పిల్లతో ఇంటర్వ్యూ ఉంటుందని, మూడేళ్ళ వయసు నుంచే మేం దానితో ఇంగ్లీషు మాట్లాడడం మొదలుపెట్టాం. సీటు వచ్చాక కూడా ఆపలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మా ఇంట్లో ముద్దు చేయడానికి ఇంగ్లీషు, కసురుకోవడానికి తెలుగు. నేనూ మా ఆవిడా గొడవపడేది తెలుగులో. పిల్లను పడుకోబెట్టేది ఇంగ్లీషులో. దానితో నవ్వుతూ తెలుగు మాట్లాడిన మనిషి దమ్మామ్ మొత్తంలో అతనొక్కడే.

మూడేళ్ళు అలా గడిచాయి. అది "గట్ల", "గిట్ల", "గిదేంది" అనేది. మా ఆవిడ మొదట్లో నవ్వుకుంది. తర్వాత "ఇది మన భాషా? రేపు మన వాళ్ళ పెళ్ళిళ్ళలో ఇలాగే మాట్లాడితే?" అనడం మొదలుపెట్టింది. నాకూ అలాగే అనిపించేది, ఆవిడ నోటితో వినడం సుఖంగా ఉండేది.

ఒక గురువారం సాయంత్రం మా డిపార్ట్‌మెంట్ మేనేజరు దంపతులు భోజనానికి వచ్చారు. విజయవాడ వాళ్ళు. నా ప్రమోషను కాగితం ఆయన బల్ల మీద ఉన్న రోజులు. ఆయన వచ్చి సోఫాలో ఒక మూల కూర్చున్నారు, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఎంతో ప్రేమగా ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆడ గట్ల కూసోకు. గిటు రా, ఈడ కూసో. ఈడ గాలి సల్లగొస్తది."

ఆయన పెద్దగా నవ్వారు. "ఓర్నీ! ఏమండీ, పిల్లను ఇంట్లో పెంచుతున్నారా, లేబర్ క్యాంపులో పెంచుతున్నారా?"

ఆయన భార్య నవ్వింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నేను కూడా నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా అమ్మాయి మా ముఖాలు మార్చి మార్చి చూసి, తనేదో మంచి జోకు వేశాననుకుని అదే మాట మళ్ళీ అంది. "గిటు రా, కూసో!" ఈసారి నేను దాన్ని లోపలికి పొమ్మని కసిరాను, తెలుగులో.

తర్వాతి వారం అతను ఫిల్టర్లు మార్చడానికి వచ్చాడు. పిల్ల స్కూల్లో ఉంది. నేను కావాలనే ఆ సమయం అడిగి పెట్టించుకున్నాను. అతను లుంగీ పరుస్తుంటే చెప్పాను.

"చూడు భాయ్, మా పాపకి స్కూల్లో హిందీ కష్టంగా ఉంది. నువ్వు ఇకనుంచి దానితో హిందీలో మాట్లాడు. తెలుగు వద్దు. దానికి హిందీ అలవాటవుతుంది."

మా అమ్మాయికి హిందీలో మంచి మార్కులే వచ్చేవి. అంతకుముందు నెలలోనే అతనికి ఆ మార్కుల కాగితం చూపించి మురిసింది కూడా. ఆ సంగతి నేను మర్చిపోయాను. అతను మర్చిపోలేదని అతని చేతులు ఆగిన తీరుతో తెలిసింది. లుంగీ అంచు పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచేటప్పటికి ముఖంలో మామూలు నవ్వే ఉంది.

"మంచిది సార్. ఈడ మనమంత హిందీలమే గద."

అతను నాతో మాట్లాడిన చివరి తెలుగు మాట అది. పిల్లతో వద్దన్నాను గానీ, నాతోనూ మా ఆవిడతోనూ వద్దనలేదు. అతను మాత్రం ఆ గీత ఇల్లంతటికీ గీశాడు. ఆ తర్వాత ఆరేళ్ళు మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. "సలాం సాబ్", "గ్యాస్ కమ్ హై సాబ్", "హోగయా సాబ్". నేను తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు. కోపం లేదు, విసురు లేదు. బూట్లు అలాగే బయట విడిచేవాడు. అరచెయ్యి అలాగే గాలికి పెట్టేవాడు. కళ్ళు మూసుకుని, "ఆ రహా హై. ఠండా ఆ రహా హై" అనేవాడు.

ఆ ఆరేళ్ళలో ఏ ఒక్కరోజైనా, "తెలుగులోనే మాట్లాడవయ్యా" అని నేను అనగలిగి ఉండేవాడిని. రెండే మాటలు. ప్రమోషను వచ్చాక కూడా అనలేదు. ఆ మేనేజరు దేశం వదిలి వెళ్ళిపోయాక కూడా అనలేదు.

మొదటిసారి అతను హిందీలో మాట్లాడిన రోజు మా అమ్మాయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నాన్నా, కాకకి తెలుగు మర్చిపోయింది!"

"'కాకకి మర్చిపోయింది' అనకూడదమ్మా. 'కాక మర్చిపోయాడు' అనాలి" అన్నాను.

"ఎందుకు మర్చిపోయాడు?"

"ఈ దేశంలో చాలా ఏళ్ళు ఉంటే అలాగే అవుతుంది. మెల్లగా మర్చిపోతారు."

దాని వాక్యాన్ని దిద్దాను. అబద్ధాన్ని దిద్దలేదు, ఇంకొకటి చేర్చాను.

అది చిన్నపిల్ల, దానికి అర్థమైంది ఒక్కటే. కాకకి ఏదో పోయింది, తిరిగి ఇవ్వాలి. తర్వాత వచ్చినప్పుడు స్క్రూలు చేతిలో పట్టుకుని నిచ్చెన కింద నిలబడింది.

"కాకా, ఒకటి అను."

"ఏక్" అన్నాడు అతను.

"కాదు. ఒ, క, టి."

అతను నా వైపు చూశాడు. నేను అక్కడే సోఫాలో ఉన్నాను. ఒక్కసారి తలాడిస్తే చాలు. నేను ఫోన్‌లోకి తల వంచాను. తల వంచినా వినిపిస్తూనే ఉంది.

"నహీ ఆతా బేటా."

"వస్తుంది. ట్రై చెయ్. ఒకటి."

అతను అన్నాడు. "వొ... కొ... టీ."

నాకు ఇప్పటికీ ఆ పలుకు చెవిలో ఉంది. తెలుగు అసలు రాని బీహారువాడు పలికినట్టు పలికాడు. ఏళ్ళ తరబడి దానికి అంకెలు నేర్పిన నోరు, ఆ అంకెలు రానట్టు నటించింది. నా అబద్ధం పిల్ల ముందు నిలబడాలంటే అతను అలా పలకక తప్పదు. నేను అతన్ని ఆ సాయం అడగలేదు. అడగకుండానే చేశాడు.

అది చప్పట్లు కొట్టింది. "గుడ్ కాకా! ఇంకోసారి!"

నాలుగైదు నెలలు ఈ పాఠాలు నడిచాయి. అతను నాలుగు దాకా నేర్చుకుని మళ్ళీ రెండు మర్చిపోయేవాడు. అది ఓపిగ్గా మొదటినుంచి చెప్పేది. మా ఆవిడ వంటింట్లోంచి ఒకసారి వచ్చి చూసి, నావైపు చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చివరికి ఒకరోజు అదే విసుగెత్తి, "కాకకి ఇంక రాదులే నాన్నా" అని స్క్రూలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఏసీ వాళ్ళు వచ్చినప్పుడు తన గదిలోనే ఉండేది.

దాని తెలుగు ఎప్పుడు పోయిందో నేను చెప్పలేను. ఫలానా రోజు అని లేదు. దానికి పదకొండేళ్ళప్పుడు మా అత్తగారు విజిట్ వీసా మీద మూడు నెలలు వచ్చి ఉన్నారు. ఆవిడ తెలుగులో అడిగేవారు, ఇది ఇంగ్లీషులో చెప్పేది. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక, "ఏమే, చిన్నప్పుడు ఫోన్లో గలగలా మాట్లాడేదానివి, ఇప్పుడేమైందే నీకు?" అన్నారు.

అది మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "నాకు మర్చిపోయింది అమ్మమ్మా. ఇక్కడ ఉంటే అలాగే అవుతుంది. కాకకి కూడా అయింది."

చెప్పడంలో బాధేమీ లేదు. పాలపళ్ళు ఊడాయని చెప్పినట్టు చెప్పింది. అందరికీ అయ్యేదే తనకూ అయింది. నాన్నే చెప్పాడు. అందుకే అది ఆ భాషను నిలుపుకోవాలని ప్రయత్నం కూడా చేయలేదు.

"ఏ కాకయ్యా?" అని అత్తగారు నన్ను అడిగారు.

"ఎవరో ఏసీ అతను" అన్నాను.

రెండేళ్ళ కిందట ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక, వెళ్ళేముందు ఒకసారి అన్ని ఇళ్ళలో ఏసీలు చూసి అప్పగించాలని అతను వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. నిచ్చెన ఎక్కేటప్పుడు ఒక చేత్తో మోకాలు పట్టుకున్నాడు. చివరి మూత బిగిస్తున్నప్పుడు నేను కిందనుంచి పట్టుకున్నాను. స్క్రూ తిప్పుతూ అతని పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. కానీ ఆ పెదాల ఆకారం "ఎన్మిది" అన్నదే. లోపల అతను హిందీలో లెక్కపెట్టడం లేదు.

అప్పుడైనా అనొచ్చు. నేను ఏమన్నానంటే, "ఇంటికి వెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి "అండి" అన్నాను. అతను ఆ మాట విని ఒక్క క్షణం నన్ను చూసి, "శుక్రియా సాబ్" అన్నాడు. మా అమ్మాయి గదిలోంచి వచ్చి, చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి, "బై అంకుల్" అంది. అతను దాని తల మీద చెయ్యి పెట్టబోయి, చేతికి మట్టి ఉందని తీసేసుకున్నాడు. "ఖుష్ రహో బేటా" అని లుంగీ మడతపెట్టుకుని వెళ్ళిపోయాడు.

కొత్త మెకానిక్ వచ్చి ఆ వార్త చెప్పిన సాయంత్రం అమ్మాయికి చెప్పాను. దానికిప్పుడు పదహారు. "మనకి ఏసీ పనికి ఒక పెద్దాయన వచ్చేవారు గుర్తుందా? చనిపోయారట."

అది కొంచెం ఆలోచించి ఇంగ్లీషులో అడిగింది. "ఎవరు? ఆ తెలుగు మర్చిపోయిన అంకులా?"

దాని మనసులో అతను మిగిలింది అలా. నిచ్చెన లేదు, ఏసీకి జలుబు లేదు, స్క్రూలు లేవు. భాష పోగొట్టుకున్న ఒక మనిషి. అలా మిగిల్చింది నేను. అప్పుడే చెప్పేయాలనుకున్నాను, అతను ఏమీ మర్చిపోలేదని. కానీ ముందు అతని ఇంటికి ఫోన్ చేసి పలకరిద్దాం, ఆ తర్వాత దీన్ని కూర్చోబెట్టి అంతా చెబుదాం అని నాకు నేనే ఒక వరస పెట్టుకున్నాను. నాలాంటివాడు ఎప్పుడూ ఒక వరస పెట్టుకుంటాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేశాను. అమ్మాయి బల్లకు అవతలివైపు కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో రాసుకుంటోంది. దాని ఎదురుగానే చేయాలని కావాలనే కూర్చున్నాను.

ఒక ఆడపిల్ల ఎత్తింది. నేను దమ్మామ్ నుంచి అని, మీ నాన్నగారు మా ఇంటికి ఏసీ పనికి వచ్చేవారని చెప్పాను.

"అక్కోళ్ళ నాయిననా?" అంది వెంటనే.

"ఏ అక్క అమ్మా?"

"మీ బిడ్డనే సార్. నాకంటె ఆరు నెలలు పెద్దదంట గద. నాయిన ఎప్పుడు చెప్పెటోడు. దమ్మామ్‌ల హిందీ మాట్లాడి మాట్లాడి నోరు నొప్పి లేస్తది, అక్కోళ్ళ ఇంటికి పోతెనే తెలుగు మాట్లాడ్త అని. ఇంటికొచ్చినంక గూడ గదే చెప్పెటోడు."

ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. ఏడ్చి ఏడ్చి అయిపోయిన గొంతు, ఇప్పుడు మామూలుగానే ఉంది.

"నాయిన మాతోని ఎక్కువ లేడు సార్. నాకు నడువనీకె నేర్పలే, సదువనీకె నేర్పలే. అక్కకు మాత్రం లెక్కలు, మాటలు అన్నీ తనే నేర్పిండంట. 'మీ అక్క అచ్చం నా తీరుగ మాట్లాడ్తది, కండ్లు మూసుకుంటె నేనే అనుకుంటరు' అనెటోడు. నాకు కుల్లు ఉండె. ఇప్పుడైతె... సార్, అక్క ఉన్నదా? ఒక్కసారి ఫోన్ ఇయ్యున్రి. ఏం లేదు, నాయిన తీరుగ రెండు మాటలు మాట్లాడితె ఇంట. గంతే."

ఆరేళ్ళు అతను మా ఇంట్లో హిందీ మాట్లాడాడు. ఆరేళ్ళు ఇంటికి ఫోన్ చేసి, అక్కడ తెలుగు మాట్లాడుతున్నానని చెప్పాడు. నా పరువును వాళ్ళ దగ్గర కూడా కాపాడాడు. లేకపోతే తన పరువునో. నాకు తెలియదు.

బల్లకు అవతల మా అమ్మాయి టైపు చేస్తోంది. ఫోన్ చాపితే దాని చేతికి అందే దూరం. చాపితే అది "హలో" అంటుంది. తర్వాత ఇంగ్లీషులో ఏదో మర్యాదగా అంటుంది. అక్కడ ఆ పిల్ల వింటుంది. కళ్ళు మూసుకుని వింటుందేమో కూడా.

"పాప ఇంట్లో లేదమ్మా" అన్నాను. "స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది."

"అట్లనా. మంచిది సార్. వచ్చినంక చెప్పున్రి, నేను మల్ల చేస్త."

నేను ఫోన్ బల్లమీద పెట్టాను. టైపు చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి తలెత్తి నావైపే చూస్తోంది. ఆ మాత్రం తెలుగు దానికి ఇంకా అర్థమవుతుంది.